పొగకు ప్రాయశ్చిత్తము

తాను చేసిన తప్పునకు మరియొకరిచేత ప్రాయశ్చిత్తము చేయించి తాను సుఖముగా నుండవలెనను కోరిక మనుష్యునకు మిక్కిలి పాతది. పాపము చేసినవాడు గోదానమిచ్చి, ఆ పాపము ఆవుతోడనే గడప దాటి పోయినదని నమ్ముటయు, మరునాడు మరల ఆ పనినే చేయుటయు మన పూర్వుల కాలమున నెరుగని సంగతులు కావు. సంస్కరణాభిలాషులు ఆ యాచారమును గర్హించినప్పుడు దానమును నిందింపలేదు. దానము చాటున తప్పు కొనసాగుటను నిందించిరి. నేడు ఆ ప్రశ్నయే శాస్త్రవేషము ధరించి లోకమునకంతకును ఎదురైయున్నది. మన యంత్రములును, వాహనములును, విద్యుచ్ఛక్తిని పుట్టించు కర్మాగారములును ఆకాశములోనికి విడుచుచున్న బొగ్గుపులుసు వాయువును కంటికి గానరాని సూక్ష్మజీవులచేత పట్టించి, ఆ దోషమును బాపుకొనవచ్చునా యనునదే ఆ ప్రశ్న. ఇది వట్టి యూహ కాదు. దీని వెనుక డెబ్బది యేండ్లకు పైబడిన ప్రయత్నముల చరిత్ర కలదు. ఆ చరిత్ర మనకు నేర్పునదేమో చదువరులతో కలసి విచారింపవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

బొగ్గుపులుసు వాయువనగా నేటి పాఠ్యపుస్తకములు కార్బన్ డయాక్సైడని చెప్పునదే. అది మనకు క్రొత్తది కాదు. మనము విడుచు ఊపిరిలో నున్నది. పొయ్యిలో కట్టె కాలినప్పుడు పుట్టునది. రాత్రి రుబ్బి మూతపెట్టిన యిడ్డెనల పిండి తెల్లవారునప్పటికి పొంగుటకు గారణము దానిలోని సూక్ష్మజీవులు విడుచు ఈ వాయువే. ఇది సాధారణమైన గాలికంటె వేరైనదని 1750 తరువాతి సంవత్సరములలో స్కాట్లండు దేశీయుడగు జోసెఫ్ బ్లాక్ తేల్చెను. ఎండలో నున్న పచ్చని ఆకులు ప్రాణవాయువును విడుచుననియు, చీకటిలో విడువవనియు 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు ప్రకటించెను. మొక్క బరువెక్కుటకు మూలము ఈ బొగ్గుపులుసు వాయువును, నీరునే యని 1804లో జెనీవా నగరవాసియగు సోస్యూర్ తూచి చూపెను. ఒక జీవి విడిచినది మరియొక జీవికి ఆహారమగుచున్నదని అప్పటికి స్పష్టమయ్యెను. మన నూతిగట్టుమీద ఇల్లాండ్రు కొబ్బరిపీచుతో తోమి పారవేయు ఆకుపచ్చని నాచు కూడ ఈ వాయువును తిని పెరిగినదే.

ఈ పని సూక్ష్మజీవులకు మనము నేర్పినది కాదు. సుమారు 240 కోట్ల సంవత్సరములకు పూర్వము భూమిమీది గాలిలో ప్రాణవాయువు నిలువనారంభించుటకు కారణము సముద్రములలోని నీలాకుపచ్చని సూక్ష్మజీవులే. అవియు, వాని వెనుక వచ్చిన నాచులును పట్టిన కర్బనములో అత్యల్పభాగము బురదక్రింద పూడిపోయి, వేడికిని ఒత్తిడికిని లోనై, కోట్ల యేండ్లకు మన మిప్పుడు త్రవ్వుచున్న ఖనిజతైలముగా మారెను. నేలమీది వృక్షములు పూడి బొగ్గయ్యెను. అనగా మనము కాల్చుచున్నది సూర్యరశ్మిని మూటగట్టి మన కెవరో దాచిపెట్టిన సొమ్ము. కోట్ల యేండ్లు కూడిన ఆ మూటను మనుష్యజాతి రెండువందల యేండ్లుగా విప్పి వెదజల్లుచున్నది.

దాని ఫలమును పెద్దలు ముందుగనే గుర్తింపకపోలేదు. ఈ వాయువు వేడిని పట్టి యుంచునని జాన్ టిండాల్ 1859లో ప్రయోగముచేత చూపెను. బొగ్గు కాల్చుటవలన భూమి వేడెక్కవచ్చునని స్వీడను దేశపు ఆరీనియస్ 1896లో లెక్క గట్టెను. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనాలోవా పర్వతముమీద కొలత మొదలిడినప్పుడు పదిలక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 315 పాళ్లుండెను. 2024 నాటికి అది 420 పాళ్లను దాటినది. బొగ్గు, తైలము, సహజవాయువులను కాల్చుటవలనను, సిమెంటు పరిశ్రమవలనను నేడు ఏటేట 3,700 కోట్ల టన్నుల యంత వాయువు ఆకాశమున చేరుచున్నది.

ఇక నాచును మనుష్యుడు పనిలో పెట్టుకొనిన కథ. 1890లో హాలెండు దేశపు బైయరింక్ క్లోరెల్లా యను ఏకకణపు నాచును వేరుచేసి, శుద్ధముగా పెంచెను. 1919లో జర్మనీలో ఓటో వార్‌బర్గ్ కిరణజన్య సంయోగక్రియను పరిశోధించుటకు దానినే తీసికొనెను. 1940లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో రూబెన్, కామెన్ అను నిరువురు కార్బన్-14 అను కిరణములు వెలువరించు కర్బనమును కనుగొనిరి. యుద్ధానంతరము అక్కడనే మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషామ్ ప్రభృతులు ఆ గుర్తుపెట్టిన కర్బనమును నాచునకు మేపి, కొన్ని క్షణములకే మరుగుచున్న ఆల్కహాలులో ముంచి దానిని చంపి, ఆ కర్బనము ఏయే పదార్థములలో చేరినదో ఒక్కొక్కటిగా గుర్తించిరి. గాలి చక్కెరగా మారు త్రోవ యంతయు ఆ విధముగా బయటపడెను. 1961లో నోబెల్ బహుమానము కాల్విన్ ఒక్కనికే లభించినను, ఆ కృషి పలువురిది. ఈ త్రోవలో కర్బనమును పట్టు మొదటి ద్వారపాలకునకు రూబిస్కో యని పేరు. అది మిక్కిలి మందగొండి. తక్కిన దేహరసములు క్షణమునకు వందలు వేలు పనులు చేయుచుండగా, ఇది సాధారణముగా క్షణమునకు మూడు మొదలు పది వరకే చేయగలదు. అంతేగాక అప్పుడప్పుడు బొగ్గుపులుసు వాయువునకు బదులు ప్రాణవాయువును పట్టి పొరబడును. ఇకముందు చెప్పబోవు కష్టములలో కొన్నింటికి బీజ మిక్కడనే యున్నది.

ప్రయోగశాలనుండి నాచు మిద్దె యెక్కినది మొదట పొగకొరకు కాదు, అన్నముకొరకు. రెండవ ప్రపంచయుద్ధానంతరము జనసంఖ్య పెరుగుచు తిండి చాలదను భయము లోకమును పట్టుకొనెను. వాషింగ్టనులోని కార్నెగీ సంస్థ సాహాయ్యముతో 1951లో మాసచూసెట్స్ రాష్ట్రమున కేంబ్రిడ్జి నగరములో ఒక కట్టడపు పైకప్పుమీద క్లోరెల్లాను గొట్టములలో పెంచి చూచిరి. జపానులో హిరోషి టమియా అదేకాలమున అట్టి కృషినే చేసెను. వీని ఫలితములు 1953లో బర్లో సంపాదకత్వమున గ్రంథముగా వెలువడెను. ఆకలి తీరు మాట అట్లుండగా, ఆ ప్రయోగములలో ఒక సంగతి తేటపడెను. సాధారణమైన గాలిలో బొగ్గుపులుసు వాయువు పదివేలలో మూడు నాలుగు పాళ్లే యగుటచేత, నాచు బాగుగా పెరుగవలెనన్న ఆ వాయువును ప్రత్యేకముగా అందింపవలెను. అది దండిగా దొరకు స్థలమేది? కర్మాగారపు పొగగొట్టమే.

1960లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం ఆస్వాల్డ్, క్లారెన్స్ గొలుయెకె యనువా రిరువురు ఈ రెండింటిని కలిపి యొక యుపాయము ప్రతిపాదించిరి. మురుగునీటితో విశాలములైన కుంటలు నింపి నాచును పెంచవలెను. దానిని కుళ్లించి మండెడి వాయువును తీయవలెను. దానిని కాల్చి విద్యుత్తు పుట్టించి, ఆ పొగను మరల కుంటలకే మేపవలెను. ఈ యుపాయమున ఆకాశమునకు క్రొత్తగా చేరునది లేదు. ఇందలి వివేకమును చదువరులు గుర్తింపవలెను. ఆ కుంటలు పూడియున్న బొగ్గునకు ప్రాయశ్చిత్తము చేయునవి కావు, బొగ్గు అక్కరలేకుండ చేయునవి. ఈ భేదము తరువాతివారు తరచుగా మరచిరి.

1973లో తైలపు ధరలు మండిన పిమ్మట అమెరికా ప్రభుత్వము 1978లో నాచునుండి తైలము తీయు పరిశోధనను చేపట్టి 1996 వరకు నడిపెను. దీనికి సుమారు రెండున్నరకోట్ల డాలర్లు వ్యయమయ్యెను. ఉప్పునీటి మడుగులనుండియు, ఎడారి చెలమలనుండియు మూడువేలకు పైగా నాచుజాతులను సేకరించి, వానిలో సుమారు 300 మేలైనవని నిలిపిరి. న్యూమెక్సికోలోని రాస్వెల్ కడ ఒక్కొక్కటి వేయి చదరపు మీటర్ల వైశాల్యముగల లోతులేని కాలువలను గుండ్రముగా త్రవ్వి, తెడ్లచక్రముతో నీటిని త్రిప్పుచు నాచును పెంచిరి. నీటిలోనికి పంపిన బొగ్గుపులుసు వాయువులో నూటికి 90 పాళ్లకు పైగా నాచు పట్టగలదని అచ్చట రుజువయ్యెను. ఒకానొక దినమున చదరపు మీటరునకు 50 గ్రాముల పంట వచ్చెను. కాని ఎడారి రాత్రుల చలికి ఆ పంట నిలువలేదు. సీసాలో మేలైన జాతిని కుంటలో వదలిన యెడల, గాలిలో కొట్టుకొనివచ్చిన ఊరి నాచు దానిని త్రోసివేసి తానే కుంటను కమ్ముకొనెడిది. తైలము మరల చౌకయగుటతో పరిశోధన ఆగిపోయెను.

ఇచ్చట మనము ఇంటి పద్దు వ్రాయునట్లు ఒక లెక్క వేసి చూతము. ఎండిన నాచు ఒక కిలో తయారగుటకు సుమారు 1.8 కిలోల బొగ్గుపులుసు వాయువు పట్టును. ఏడాది పొడుగున సగటున దినమునకు చదరపు మీటరుకు 20 గ్రాముల పంట వచ్చుననుకొందము. ఆరుబయటి కుంటకు ఇది మంచి పంటయే. అప్పుడొక ఎకరపు కుంట దినమునకు పట్టునది సుమారు 146 కిలోలు. బొగ్గుతో నడచు 500 మెగావాట్ల విద్యుత్కేంద్రము పూర్తిగా పనిచేసిన దినమున విడుచునది 10,000 టన్నులకు తక్కువ కాదు. దానినంతయు పట్టవలెనన్న 68,000 ఎకరములకు పైగా కుంటలు కావలెను. ఇది యొక్క కేంద్రమునకే. మరియు నాచు పగలే పనిచేయును. పొగగొట్టము రాత్రియు విశ్రమింపదు. పట్టిన పిమ్మట దినమునకు 5,500 టన్నుల ఎండునాచు పోగుపడును. దానిని పశువులు తిన్నను, మనము తిన్నను, తైలముగా కాల్చినను, కుళ్లనిచ్చినను, ఆ కర్బనము కొన్నాళ్లకో కొన్ని నెలలకో మరల ఆకాశము చేరును. కుడిచేత తీసికొనినది ఎడమచేత ఇచ్చినట్లగును.

ఈ లెక్క తెలిసియు ప్రయత్నములు సాగినవి. అందు తప్పు లేదు. 1990 మొదలు పదియేండ్లు జపాను ప్రభుత్వము మూసిన గాజుపాత్రలలో నాచును పెంచి, సూర్యకాంతిని గాజునూలుద్వారా పాత్ర లోపలికి తెచ్చుట మున్నగు ఉపాయములను పరీక్షింపజేసెను. స్థలము కలసివచ్చెను గాని, వ్యయము మితిమీరెను. అమెరికాలో 2001లో స్థాపింపబడిన గ్రీన్‌ఫ్యూయల్ అను సంస్థ విద్యుత్కేంద్రముల పొగను నాచుగొట్టములలోనికి పంపి చూపగా లోకము మిక్కిలి ఆశ్చర్యపడి ధనము కురిపించెను. 2009లో ఆ సంస్థ మూతపడెను. నాచు పెరుగకపోవుటచేత కాదు. దానిని పెంచుటకును, నీటినుండి వడగట్టి యెండబెట్టుటకును అగు వ్యయము రాబడిని మించుటచేత.

నేల చాలనిచో సముద్రము కలదుకదా యని కొందరు తలచిరి. భూమిమీది కిరణజన్య సంయోగక్రియలో ఇంచుమించు సగము సముద్రపు సూక్ష్మజీవులే చేయుచున్నవి. దక్షిణసముద్రమున తక్కిన పోషకములు పుష్కలముగా నున్నను, ఇనుము కొరవడుటచేత అవి పెరుగకున్నవని జాన్ మార్టిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు చెప్పెను. అరయోడ యినుము మీరిచ్చినచో హిమయుగము నేనిత్తునను అర్థమువచ్చునట్లు 1988లో ఆయన హాస్యమాడెను. 1993లో ఆయన గతించిన కొలది నెలలకే మొదటి పరీక్ష పసిఫిక్ సముద్రమున జరిగెను. ఇనుము చల్లినచోట నీరు పచ్చబడెను. 2004లో జర్మనుల ఓడ పోలార్‌స్టెర్న్ దక్షిణసముద్రమున జరిపిన ప్రయోగములో, ఇసుకరాతి గుల్లలుగల డయాటములను సూక్ష్మజీవులు దట్టముగా పెరిగి, వానిలో సగమునకు తక్కువగాని భాగము వేయి మీటర్ల క్రిందికి దిగిపోయెను. ఆశ బలపడెను.

2009 జనవరి మొదలు మార్చి వరకు అదే యోడపై మన గోవా రాష్ట్రమందలి జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థయు, జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థయు కలసి లోహాఫెక్స్ అను ప్రయోగము చేసిరి. హిందీలో లోహా యనగా ఇనుమే. వాజిహ్ నఖ్వీ, విక్టర్ స్మెటాచెక్ అనువారు దానికి నాయకులు. ఓడ బయలుదేరిన పిమ్మట పర్యావరణవాదులు అభ్యంతరము చెప్పుటచేత జర్మనీ ప్రభుత్వము కొన్నాళ్లు దానిని ఆపి, మరల అనుమతించెను. 300 చదరపు కిలోమీటర్ల సముద్రముపై ఇనుమును చల్లి, 39 దినములు ఆ నీటిని వెంబడించిరి. మొదట నాచు రెట్టింపయ్యెను. కాని అచ్చటి నీటిలో గుల్లలకు కావలసిన సిలికా తరిగియుండుటచేత డయాటములు పెరుగలేదు. పెరిగిన మెత్తని నాచును రొయ్యలవంటి చిన్న ప్రాణులు మేసివేసెను. అడుగునకు దిగిన కర్బనము స్వల్పము. ఒకే సముద్రము, ఒకే ఓడ, ఒకే ఇనుము. ఫలములు మాత్రము వేరువేరు. సముద్రము మన పెరటి కుంట వలె మన యాజ్ఞకు లోబడునది కాదని ఆ శాస్త్రజ్ఞులే దాపరికములేక లోకమునకు చెప్పిరి. వారి కీర్తికి ఇది లోపము కాదు, అలంకారము.

ఎండయు, ఎకరములును అక్కరలేని మరియొక తెగ సూక్ష్మజీవులు కలవు. వెలుతురు లేకుండగనే కొన్ని బాక్టీరియాలు బొగ్గుపులుసు వాయువుతో తమ దేహమును కట్టుకొనునని రష్యా దేశపు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున కనుగొనెను. 1936లో హాలెండులో వీరింగా యను నాతడు ఉదజనిని, బొగ్గుపులుసు వాయువును కలిపి పులుసుకాడి యామ్లముగా మార్చు బాక్టీరియమును వర్ణించెను. 1994లో బెల్జియములో కుందేటి పెంటికలనుండి వేరుచేసిన దాని జ్ఞాతి యొకటి కర్మాగారపు వాయువులనుండి ఆల్కహాలును తీయగలిగెను. 2005లో న్యూజీలండులో పుట్టిన లాంజాటెక్ అను సంస్థ దానిని పెంచి పోషించి, 2018లో చైనాలోని యొక ఉక్కు కర్మాగారము కడ వ్యాపారపద్ధతిని నడచు యంత్రశాలను నెలకొల్పెను. ఇది నిజముగా మెచ్చదగిన విజయము. అయినను ఈ బాక్టీరియమునకు ముఖ్యాహారము ఉక్కుకొలిమి విడుచు కార్బన్ మోనాక్సైడు. దానిలో నింకను మండెడి శక్తి మిగిలియున్నది. శక్తి యంతయు ఖర్చయిపోయిన బొగ్గుపులుసు వాయువును మాత్రమే యిచ్చిన యెడల, దానికి తోడుగా ఉదజనిని వేరుగా అందింపవలెను. ఆ ఉదజనిని బొగ్గు కాల్చకుండ తేగలిగినప్పుడే పద్దు కుదురును.

2019లో ఇజ్రాయేలులోని వైజ్మన్ సంస్థలో రాన్ మైలో బృందమువారు మన ప్రేగులలో నివసించు ఇ-కోలై బాక్టీరియమునకు జన్యువులను మార్చి, నెలల తరబడి అలవాటు చేసి, తన దేహపు కర్బనమునంతయు బొగ్గుపులుసు వాయువునుండియే తెచ్చుకొనునట్లు చేసిరి. చక్కెర తిను ప్రాణిని గాలి తిను ప్రాణిగా మార్చుట అద్భుతమే. కాని శక్తికొరకు దానికి ఫార్మేటు అను పదార్థమును మేపవలసివచ్చెను. దానిని జీర్ణించుకొనుచు ఆ ప్రాణి తాను పట్టినదానికంటె ఎక్కువ బొగ్గుపులుసు వాయువునే విడిచెను. ఈ సంగతిని ఆ పరిశోధకులే స్పష్టముగా చెప్పిరి. పత్రికల శీర్షికలకు అది యెక్కినట్లు లేదు.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది నిరాశ కాదు. రాస్వెల్ కుంటలో నాచు నూటికి 90 పాళ్లు పట్టినది. కుందేటి పెంటికలోని ప్రాణి ఉక్కుకొలిమి గాలిని ఆల్కహాలుగా మార్చినది. సూక్ష్మజీవి ఎక్కడను మోసము చేయలేదు. అది చేయలేనిదానిని దానిపై మోపినవారము మనము. కావున ఇట్టి వార్త యెప్పుడు మన చెవిని పడినను మూడు ప్రశ్నలు వేయుట మంచిది. ఆ ప్రాణికి శక్తి ఎచ్చటనుండి వచ్చుచున్నది? అంత పొగకు ఎంత నేల, ఎంత నీరు పట్టును? పట్టిన కర్బనము తుదకు ఎచ్చట నిలుచును? మూడవ ప్రశ్నకు సమాధానము లేనివాడు పొగను కొంతకాలము ఆపినవాడే గాని తీసివేసినవాడు కాడు.

ప్రాయశ్చిత్తమును గూర్చి మన పెద్దలు చెప్పినదానిలో సారమైన భాగ మొకటి కలదు: చేసినదానికి పశ్చాత్తాపము, మరల చేయనను సంకల్పము ముందుండవలెను, క్రియ తరువాతిది. మురుగునీటిని శుద్ధిచేయుటకును, ఉక్కు, సిమెంటువలె పొగ మానుట దుర్లభమైన పరిశ్రమలకును ఈ చిన్న ప్రాణుల సాహాయ్యము పొందుదము, పరిశోధకులకు ధనమిత్తము. కాని "నాచు ఉన్నది, బాక్టీరియా ఉన్నది, ఇక బొగ్గు కాల్చినను దోషములేదు" అని చెప్పు వర్తకునకు గాని, ప్రభుత్వమునకు గాని తల యూపరాదు. భూమి కోట్ల యేండ్లు పూడ్చిపెట్టిన దానిని త్రవ్వుట తగ్గించుట మన చేతిలోని పని. ఆ పనిని నూతిగట్టుమీది నాచు మనకు బదులుగా చేయజాలదు.